మాస్టారిని అడగండి: తన వెల తానే కట్టుకున్న ఆటగాడు

గత సంచికలో కరీంనగర్ పాఠకుడొకరు ఇలా అడిగారు: "ఐపీఎల్ వేలంలో ఆటగాళ్లను కొంటున్నారు, అమ్ముతున్నారు. తనను తానే కొనుక్కున్న ఆటగాడు చరిత్రలో ఎవరైనా ఉన్నారా?" ఉన్నాడని, ఆయన పేరు జాంటీ పార్కిన్ అని, ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ (జట్టుకు పదమూడుమంది ఆడే రగ్బీ) ఆడేవాడని, 1930లో తన మీద క్లబ్బు పెట్టిన వెల 100 పౌండ్లు తానే కట్టి జట్టు మారాడని నాలుగు ముక్కల్లో జవాబిచ్చాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆయన గురించే ఉన్నాయి. అందుకని మిగతా ఆటల ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తం పార్కిన్‌కే ఇస్తున్నాను. ఆయనకు ఇంకా ముందే ఇవ్వవలసింది.

ప్రశ్న: నాలుగు ముక్కలు సరిపోలేదు మాస్టారూ. ఎవరాయన? ఎక్కడివాడు? ఆటలో ఎంతటివాడు? మొత్తం చెప్పండి. (డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

జవాబు: చెబుతాను బాబూ. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ అనే ప్రాంతం ఉంది. అందులో వేక్‌ఫీల్డ్ అనే పట్టణం, దానికి కాస్త దూరంలో షార్ల్‌స్టన్ అనే బొగ్గుగని ఊరు. పార్కిన్ 1894లో ఆ ఊళ్లో పుట్టాడు. ఊరు చిన్నదే కానీ అక్కడి పిల్లల చేతిలో రగ్బీ బంతి ఉండేది. పార్కిన్ తర్వాత అదే ఊరి నుంచి ఫాక్స్ సోదరులు ముగ్గురు వచ్చారు. వాళ్లలో చిన్నవాడు నీల్ ఫాక్స్ 6,220 పాయింట్లు సాధించాడు. ఇది ఆ ఆటలో రికార్డు. ఒక్క గని ఊరు ఇంతమందిని ఇచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పార్కిన్ 1913లో వేక్‌ఫీల్డ్ ట్రినిటీ జట్టులో చేరాడు. ఏడాది తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1915 నుంచి 1918 దాకా పోటీలు ఆగిపోయాయి. ఆటగాడి ఒంట్లో సత్తువ నిండుగా ఉండే ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగేళ్ల వయసు ఆ యుద్ధంలోనే గడిచిపోయింది. ఎంతోమంది ఆటగాళ్లు అక్కడే ఆగిపోయారు. పార్కిన్ అసలు ఆట మాత్రం యుద్ధం ముగిశాకే మొదలైంది.

ఆయన ఆడిన స్థానం స్క్రమ్ హాఫ్. ఈ మాట అర్థం కాకపోతే పార్కిన్ గొప్పతనం అర్థం కాదు కనుక కాస్త నిదానంగా చెబుతాను. అప్పట్లో రెండు జట్ల నుంచి బలమైన ఆటగాళ్లు ఆరుగురేసి ఎదురెదురుగా వంగి, భుజాలు భుజాలకు ఆనించి, ఒకరినొకరు నెట్టుకునేవారు. ఇదే స్క్రమ్. ఆ రెండు వరసల మధ్యనున్న సందులోకి బంతిని వేసేవాడు స్క్రమ్ హాఫ్. లోపల కాళ్లతో వెనక్కి తోసిన బంతిని అందుకుని ఎవరికి ఇవ్వాలో, తానే పరుగెత్తాలో, తన్నాలో రెప్పపాటులో తేల్చుకునేవాడూ అతడే. ఎదుటి స్క్రమ్ హాఫ్ రెండడుగుల దూరంలో కాచుకుని ఉంటాడు. ఆ కాలపు బంతి తోలుది, వానలో తడిస్తే బరువెక్కి సబ్బుముక్కలా జారేది. కింద బురద. చుట్టూ తనకన్నా రెండింతలున్న మనుషులు.

ఇంకో సంగతి కూడా తెలియాలి. ఇప్పుడు రగ్బీ లీగ్‌లో ఒక జట్టుకు ఆరు టాకిళ్ల పరిమితి ఉంది. ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటి జట్టుకు ఇవ్వాలి. 1966 దాకా ఇలాంటి పరిమితే లేదు. బంతి దొరికిన జట్టు జారవిడవకుండా ఎంతసేపైనా తన దగ్గరే ఉంచుకోవచ్చు. కాబట్టి బంతి చేతులు మారడానికి స్క్రమ్మే పెద్ద దారి. ఒక్కో ఆటలో లెక్కకు మించి స్క్రమ్‌లు పడేవి. ఆ కాలంలో స్క్రమ్ హాఫ్ అంటే ఇంటి తాళంచెవి బొడ్లో దోపుకున్న యజమానురాలి లాంటివాడు. పార్కిన్ ఆ తాళంచెవిని పదిహేడేళ్లు ఒక్క జట్టు కోసమే దాచాడు.

ఆ జట్టు మాత్రం ఆయనకు తగినన్ని విజయాలు ఇవ్వలేదు. వేక్‌ఫీల్డ్ 1909లో ఆ ఆటలో పెద్ద నాకౌట్ పోటీ అయిన చాలెంజ్ కప్ గెలిచింది. మళ్లీ గెలిచింది 1946లో. పార్కిన్ ఆడిన కాలమంతా ఆ రెండింటి మధ్యే పడింది. ఆయన ఉండగా జట్టుకు దక్కిన చెప్పుకోదగ్గ కప్పు 1924లో బాట్లీ జట్టును 9–8తో ఓడించి గెలిచిన యార్క్‌షైర్ కప్ ఒక్కటే. అదీ ఒక్క పాయింటు తేడాతో. పెద్ద క్లబ్బులో ఉండి ఉంటే ఎన్ని పతకాలు వచ్చేవో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

దేశం తరఫున ఆడినప్పుడు మాత్రం ఆ లోటు తీరింది. అప్పట్లో నాలుగేళ్లకోసారి ఇరవై ఆరుమందిని ఎంపిక చేసి ఓడలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పంపేవారు. సముద్రం మీదే వారాల తరబడి ప్రయాణం. పార్కిన్ 1920, 1924, 1928లో మూడుసార్లు వెళ్లాడు. అంతకుముందు మూడు యాత్రలు చేసినవాడు లేడు. 1920లో కెప్టెన్ హడర్స్‌ఫీల్డ్ జట్టుకు చెందిన హెరాల్డ్ వాగ్‌స్టాఫ్. ఆ సిరీస్ 2–1తో ఆస్ట్రేలియా గెలిచింది. 1921–22లో ఇంగ్లండ్ సొంతగడ్డ మీద యాషెస్‌ను తిరిగి తెచ్చుకుంది. అవును, క్రికెట్‌కు ఉన్నట్టే రగ్బీ లీగ్‌కూ యాషెస్ ఉంది. దాన్ని నిలబెట్టుకునే బాధ్యత 1924లో కెప్టెన్‌గా పార్కిన్ భుజాన పడింది.

సిడ్నీలో మొదటి టెస్టు 22–3తో ఇంగ్లండ్ సునాయాసంగా గెలిచింది. అయిదు రోజుల తర్వాత అక్కడే రెండో టెస్టు. ఫలితం 5–3. ఆ అంకెలనే ఒకసారి చూడండి. అప్పట్లో ట్రైకి (ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకు ఆనించడం) 3 పాయింట్లు, గోలుకు (బంతిని స్తంభాల మధ్య నుంచి తన్నడం) 2. అంటే రెండు జట్లూ చెరొక ట్రై సాధించాయి, ఇంగ్లండ్ అదనంగా ఒక్క గోలు తన్నింది. సముద్రాలు దాటి వచ్చిన ఇరవై ఆరుమంది కష్టానికి ఫలితం తేల్చింది ఆ ఒక్క గోలే! బ్రిస్బేన్‌లో మూడోది 21–11తో ఓడిపోయినా సిరీస్ దక్కింది. ఆ యాత్రలో న్యూజిలాండ్ చేతిలో మాత్రం 2–1తో ఓడారు. ఇష్టమైన ఆటగాడు కదా అని ఆ మాట దాచిపెట్టను.

నాలుగేళ్ల తర్వాత మళ్లీ కెప్టెన్ ఆయనే. వయసు ముప్పై మూడు. బ్రిస్బేన్‌లో 15–12, సిడ్నీలో 8–0తో గెలిచి మూడో టెస్టుకు ముందే సిరీస్ తేల్చేశారు. ఈసారి న్యూజిలాండ్‌లోనూ 2–1తో గెలిచారు. యాషెస్‌కు వెండి కప్పు వచ్చింది ఆ ఏడే. సిడ్నీలోని సిటీ టాటర్‌సాల్స్ క్లబ్ దాన్ని బహూకరించింది. పార్కిన్ తర్వాత వచ్చినవాళ్లు కూడా ఆ యాషెస్‌ను వదలలేదు. 1950 దాకా అది బ్రిటన్ దగ్గరే ఉంది.

ప్రశ్న: నేను సింగరేణిలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. గని ఊరి ఆటగాడు అనగానే ప్రాణం లేచివచ్చింది. అక్కడి బొగ్గుబాయి కార్మికులు షిఫ్టు చేసి ఆటెప్పుడు ఆడేవారు? ఆటకు డబ్బులు ఇచ్చేవారా? (గోదావరిఖని)

జవాబు: అయ్యా, మీరు అడిగిన ఈ ప్రశ్నలోనే రగ్బీ లీగ్ పుట్టుక ఉంది.

మొదట రగ్బీ ఒక్కటే. దాని పెత్తనం లండన్ పెద్దమనుషులది. ఆటకు పైసా తీసుకోకూడదని వాళ్ల నియమం. ఆస్తిపాస్తులు ఉన్నవాళ్లకు ఆ నియమం ఏమాత్రం బరువు కాదు. ఉత్తరాన యార్క్‌షైర్, లాంకషైర్‌లలో ఆడేవాళ్లు గనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్లు. శనివారం ఆట ఉంటే ఆ పూట జీతం పోయేది. మస్టరు పడకపోతే ఇంట్లో ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? పోయిన జీతం మేరకు క్లబ్బు ఇచ్చుకోవచ్చా అని ఉత్తరాది క్లబ్బులు 1893లో అడిగాయి. సమావేశంలో ఓట్లు పెట్టి కాదన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై వేరుపడ్డారు. అదే నార్తర్న్ యూనియన్. వేక్‌ఫీల్డ్ ట్రినిటీ ఆ మొదటి క్లబ్బుల్లో ఒకటి. మొదట్లో పోయిన పనికి రోజుకు ఆరు షిల్లింగులు మించకూడదన్నారు. 1898 నుంచి ఆటకు నేరుగా డబ్బు ఇవ్వడం మొదలైంది. 1906లో పదిహేనుమంది జట్టును పదమూడుమందికి తగ్గించారు. 1922లో ఆ సంస్థ రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ అని పేరు మార్చుకుంది. రెండు రగ్బీలు ఎందుకున్నాయని ఎవరైనా అడిగితే పోయిన ఒక్క పూట జీతం గురించి వచ్చిన తగాదా వల్లనే అని చెప్పండి.

డబ్బు ఇచ్చినా అది ఒక్కటే బతుకుతెరువుగా సరిపోయేది కాదు. చాలామంది వారమంతా పనిచేసి శనివారం మధ్యాహ్నం ఆడేవారు. షార్ల్‌స్టన్ గని 1993లో మూతపడింది. ఆట మాత్రం ఆగలేదు.

ప్రశ్న: నేను లీడ్స్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. వేక్‌ఫీల్డ్ ఇక్కడికి దగ్గరే. పదిహేడేళ్లు ఆడిన కెప్టెన్‌ను సొంత క్లబ్బు ఎలా అమ్మకానికి పెట్టింది? ఆయన "నేను వెళ్లిపోతాను" అనలేకపోయాడా? (లీడ్స్, ఇంగ్లండ్)

జవాబు: అమ్మా, అనలేడు. నన్ను ఇన్నేళ్లుగా వదలని విషయం ఇదే.

ఆ రోజుల్లో ఆటగాడు ఒకసారి క్లబ్బులో సంతకం చేస్తే అతని రిజిస్ట్రేషన్ ఆ క్లబ్బు సొత్తు. ఒప్పందం గడువు తీరినా, క్లబ్బు వదలనంతవరకు మరో జట్టుకు ఆడడానికి వీల్లేదు. వదలాలంటే అవతలి క్లబ్బు అడిగినంత ఇవ్వాలి. ఆ డబ్బు పాత క్లబ్బుకు పోతుంది. 1913లో బిల్లీ బాటెన్ అనే గొప్ప ఆటగాడి కోసం హల్ క్లబ్బు హన్స్‌లెట్ క్లబ్బుకు 600 పౌండ్లు ఇచ్చింది. అప్పటికి అది రికార్డు. ఆ బాటెనే తర్వాత 1924లో వేక్‌ఫీల్డ్‌కు వచ్చి పార్కిన్ పక్కన ఆడాడు.

1930లో వేక్‌ఫీల్డ్ ట్రినిటీ పార్కిన్‌ను ట్రాన్స్‌ఫర్ జాబితాలో పెట్టి 100 పౌండ్ల వెల కట్టింది. ఆయన వయసు ముప్పై అయిదు. గని కార్మికుడికి వారానికి మూడు పౌండ్లు కూడా చేతికి రాని కాలం అది. అంటే ఒక కుటుంబం తిండి, అద్దె అన్నీ మానేసినా ఎనిమిది నెలలకు గానీ పోగయ్యే సొమ్ము కాదు. పార్కిన్ ఆ నూరు పౌండ్లూ తన డబ్బులోంచి క్లబ్బుకు కట్టాడు. కట్టి, తూర్పు తీరపు రేవు పట్టణం హల్‌లోని హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌లో చేరాడు. తాను చెమటోడ్చి నిలబెట్టిన క్లబ్బుకే, తనను వదిలిపెట్టమని తానే డబ్బు ఇవ్వడం! పదిహేడేళ్ల ఆటకు క్లబ్బు ఆయనకు ఏదైనా ఇవ్వవలసిన సమయంలో ఆయనే ఎదురు ఇచ్చాడు.

అయినా ఆ పని చేసినప్పుడు ఆయన తల వంచాడని నేను అనుకోను. "నా మీద వెల ఉందా, సరే, ఇదిగో" అని బల్ల మీద పెట్టినట్టుగానే నాకు కనిపిస్తుంది. వెల కట్టినవాడికే సరుకు అయితే ఇప్పుడు ఆ సరుకుకు యజమాని ఎవరు? పార్కినే. ఆ లెక్కలో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. అందుకే లీగ్ పెద్దలు ఉలిక్కిపడ్డారు. ఇకమీదట ఏ ఆటగాడూ తన ట్రాన్స్‌ఫర్ ఫీజు తాను కట్టుకోకూడదని నియమాలు మార్చారు. ఆయన బయటికి వచ్చిన తలుపును ఆయన వెనకే మూసేశారు. పార్కిన్ రోవర్స్‌కు 1932 దాకా ఆడాడు.

మీరు దగ్గర్లోనే ఉన్నారు కనుక ఒక మాట చెబుతాను. మా అమ్మాయి మీ లీడ్స్‌లోనే ఉంటుంది. ఆమె దగ్గరకు వచ్చినప్పుడు రైలెక్కి వేక్‌ఫీల్డ్‌లోని బెల్‌వ్యూ మైదానానికి వెళ్లాను. గోలు స్తంభాల వెనక నిలబడి ఆట చూశాను. టీవీలో తెలియనిది అక్కడ తెలిసింది. మనిషి మనిషిని ఢీకొన్న చప్పుడు గడ్డివాము మీది నుంచి బస్తా పడినట్టు వినిపిస్తుంది. పట్టుబడినవాడు లేస్తాడు, బంతిని నేల మీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తాడు, వెనక ఉన్నవాడు వంగి అందుకుంటాడు, మళ్లీ ఢీ. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు కబడ్డీ నేర్పినవాణ్ని నేను. పట్టు పడ్డాక కూడా ఊపిరి బిగబట్టి గీత కోసం చెయ్యి చాచే పిల్లవాడి ముఖం నాకు బాగా తెలుసు. ఆ ముఖాలే అక్కడా చూశాను. ఏడో నంబరు చొక్కా వేసుకున్న కుర్రాడు మిగతా అందరికంటే పొట్టిగా ఉన్నాడు. ఆటంతా చెయ్యి ఎత్తి, గొంతు చించుకుని వాళ్లను నడిపిస్తూనే ఉన్నాడు. అది పార్కిన్ స్థానం. నేను ఆ కుర్రాడి మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. వీలైతే ఒక ఆదివారం వెళ్లి చూడండి అమ్మా.

ప్రశ్న: మీరు పాతకాలపు బాధ ఎక్కువ చేసి చెబుతున్నారేమో. ఇవాళ వేలంలో ఆటగాళ్లకు కోట్లు వస్తున్నాయి. వాళ్లకు లేని బాధ మీకెందుకు? (హైదరాబాద్)

జవాబు: రెండూ ఒకటి కాదు. ఐపీఎల్ వేలంలో పేరు ఇచ్చేది ఆటగాడే, పలికిన ధర అతనికి అందే జీతం. పార్కిన్ కాలపు ట్రాన్స్‌ఫర్ ఫీజు ఆటగాడి చేతికి రాదు, అతన్ని అట్టిపెట్టుకున్న క్లబ్బుకు పోతుంది. ఇవాళ్టి ఆటగాళ్లకు ఉన్న స్వేచ్ఛ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి కట్టుబాటే ఉండేది. జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు కోర్టుకు వెళ్తే, గడువు తీరినవాణ్ని అట్టిపెట్టుకోవడం అన్యాయమని 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్ తీర్పు ఇచ్చారు. గడువు తీరిన ఆటగాడి మీద అసలు ఫీజే అడగకూడదని యూరప్ న్యాయస్థానం 1995లో బోస్మన్ కేసులో చెప్పింది. పార్కిన్ నూరు పౌండ్లు కట్టిన అరవై అయిదేళ్లకు! ఆ అరవై అయిదేళ్లలో ఎందరు ఆటగాళ్లు "వదలం" అన్న ఒక్క మాటతో ఇంట్లో కూర్చున్నారో ఆలోచించండి. నా బాధ వాళ్ల గురించి.

ప్రశ్న: ఆయనను తర్వాత ఎవరైనా గుర్తు పెట్టుకున్నారా? (తెనాలి)

జవాబు: పెట్టుకున్నారు, కాకపోతే ఆలస్యంగా. ఆయన 1972లో కన్నుమూశాడు. 1988లో రగ్బీ లీగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టి తొలి విడతలో తొమ్మిదిమందిని ఎంపిక చేశారు. అందులో ఇద్దరు ఆస్ట్రేలియావాళ్లు, ముగ్గురు వేల్స్‌వాళ్లు. ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్లు నలుగురే: వాగ్‌స్టాఫ్, బాటెన్, అలెక్స్ మర్ఫీ, పార్కిన్. ఆ నలుగురిలో ముగ్గురి పేర్లు పై జవాబుల్లో మీరు చదివేశారు. మర్ఫీ గురించి ఎవరైనా అడిగితే రాస్తాను. ఆయనా స్క్రమ్ హాఫే.

ప్రశ్న: దక్షిణాఫ్రికా ఫీల్డర్ జాంటీ రోడ్స్‌కు ఈయన పేరే పెట్టారా మాస్టారూ? (ఎనిమిదో తరగతి, నిజామాబాద్)

జవాబు: లేదు నాన్నా. జొనాథన్ అనే పేరును ముద్దుగా జాంటీ అంటారు. రోడ్స్ అసలు పేరు జొనాథన్ నీల్ రోడ్స్, పార్కిన్ అసలు పేరు కూడా జొనాథనే. నువ్వు ఏ ఆట ఆడతావో రాయలేదు. వచ్చే ఉత్తరంలో రాయి.